ఒక మంచు తుపానును విప్పి చూపిన పనితనం

1979 ఫిబ్రవరి 18, 19 తేదీల్లో వాషింగ్టన్ నగరంలో అడుగున్నర పైచిలుకు మంచు పడింది. అప్పటి కంప్యూటర్ నమూనాలు ఇంత మంచును ఊహించలేదు. ప్రెసిడెంట్స్ డే తుపానుగా పేరుపడ్డ ఆ ఒక్కదాని మీద వాతావరణ శాస్త్రవేత్తలు లూయీ ఉచెల్లినీ, పాల్ కోసిన్, వారి సహచరులు 1980లలో వరుసగా పరిశోధన వ్యాసాలు రాశారు. వాటిని చదువుతుంటే తొందరలేని పనికి ఎంత అందం వస్తుందో తెలుస్తుంది.

విపరీతంగా మంచు పడితే చలి ముదిరిందనుకుంటాం. కానీ బాగా చల్లబడ్డ గాలిలో ఎక్కువ తేమ నిలవదు. మంచు కుప్పలు పడాలంటే చలీ తేమా ఒకే చోట, ఒకే వేళకు కలవాలి. ఆ కలయికను వీళ్లు నేల నుంచి మొదలుపెట్టి మెట్టుమెట్టుగా చూపించారు. ఉత్తరాన ఉన్న అధికపీడనం నుంచి దిగివచ్చిన చలిగాలి అప్పలాచియన్ కొండలు అడ్డుపడి వాటి తూర్పున నిలిచిపోయింది. పక్కనే గల్ఫ్ స్ట్రీమ్ వేడి తాకిన అట్లాంటిక్. అక్కడి నుంచి వచ్చిన తేమగాలి, బరువైన చలిగాలి మీదుగా పైకెక్కింది. పైన జెట్ ప్రవాహాలు ఆ పైకెక్కే గాలికి ఊతమిచ్చాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది 1985 నాటి వ్యాసం. తీరానికి సుమారు 1500 కిలోమీటర్లు పడమట, అల్పపీడనం ఉధృతం కాకముందే, వాతావరణపు పై పొర అయిన స్ట్రాటోస్ఫియర్ గాలి మడతపడి 800 మిల్లీబార్ల మట్టం దాకా దిగిందని అందులో చూపించారు. బెలూన్ కొలతలు రోజుకు రెండుసార్లే దొరికేవి. అందుకే నింబస్-7 ఉపగ్రహం కొలిచిన ఓజోన్‌ను కూడా సాక్ష్యంగా తెచ్చుకున్నారు. స్ట్రాటోస్ఫియర్ గాలిలో ఓజోన్ ఎక్కువ; అది ఎక్కడ పెరిగిందో చూస్తే గాలి జాడ దొరుకుతుంది. దర్జీ కుట్టు విప్పి లోపలి దారం చూపించినట్టుంటుంది ఆ వాదన.

ఇదే శ్రద్ధ 2004లో రెండు సంపుటాలుగా వచ్చిన కోసిన్, ఉచెల్లినీల 'నార్త్‌ఈస్ట్ స్నోస్టార్మ్స్'లోనూ ఉంది. పెద్ద తుపానుల పటాలన్నీ ఒకే పద్ధతిలో గీశారు కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. పెద్ద నగరాలను తప్పించుకుపోయిన తుపానులకూ చోటిచ్చారు. దాన్ని నేను ఇంకా గొప్పగా భావిస్తాను. న్యూజెర్సీలోని మన తెలుగు కుటుంబాల ఇళ్ల మీద వాన కురిసి, కాస్త లోపలి కొండల్లో మంచు పేరుకునే రోజులెందుకు వస్తాయో ఆ పుటల్లో దొరుకుతుంది: అల్పపీడనం తీరానికి మరీ దగ్గరగా నడిస్తే సముద్రపు వెచ్చదనం చలిగాలిని లోపలికి నెట్టేస్తుంది.