ఎనభై, ఎనభై కలిస్తే ఎనభై మూడు

రైసు మిల్లులో హల్లర్ పక్కన నిలబడి మాట్లాడాలంటే ఎదుటివాడి చెవిలో నోరు పెట్టాల్సిందే. మోతలు కొలిచే పనిలో చేరిన కొత్తల్లో అలాంటి ఒక మిల్లుకు వెళ్లాను. హల్లర్ ఒక్కటే నడిపితే మీటరు 92 డెసిబెల్స్ చూపించింది, బ్లోవర్ ఒక్కటే నడిపితే 82. హల్లర్ జోలికెళ్తే ఖర్చెక్కువని, ముందు బ్లోవర్‌కి పెట్టె బిగించమన్నాను. బిగించారు. రెండూ నడుస్తుంటే అంతకుముందు 92.4 చూపిన మీటరు, ఇప్పుడు 92 దగ్గర నిలబడింది. యజమాని మీటరు వంక చూడనైనా లేదు.

"డబ్బులు పోయాయి గానీ హోరు పోలేదు సార్."

తప్పు నాదే. డెసిబెల్స్‌ని రూపాయల్లా కూడాను. ఈ కొలతలో పది పెరిగిందంటే శబ్దశక్తి పదింతలైనట్టు. అంటే ఆ బ్లోవర్ మోత హల్లర్ మోతలో పదో వంతే. చివరికి హల్లర్‌కే అడ్డుగోడ కట్టించాక గానీ ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ తర్వాత నోటిలెక్క ఒకటి నేర్చుకున్నాను. రెండు మోతలూ సమానమైతే పెద్దదానికి 3 కలుపు. తేడా 6 ఉంటే 1 కలుపు. 10 దాటితే చిన్నదాన్ని మరిచిపో. సమానమైన మోతలు పది ఉంటే, ఒక్కదాని మీద 10 పెరుగుతుంది. చెవికి మాత్రం అది సుమారు రెట్టింపుగానే అనిపిస్తుంది. చెవి మనకంటే ఓర్పు గలది.

ఏటా వినాయక చవితికి ఈ లెక్క మళ్లీ గుర్తొస్తుంది. "నా ఒక్కడి మైకు తీసేస్తే ఏం తగ్గుద్దండీ?" అంటాడు మండపం కుర్రాడు. సమానంగా మోగే పది మైకుల్లో ఒకటి ఆపితే తగ్గేది అర డెసిబెల్ కూడా కాదు. అతను అన్నది నిజమే! తక్కిన తొమ్మిది మందీ అదే అంటారు, వాళ్లదీ నిజమే.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఇళ్లున్నచోట పగటి పరిమితి 55. ఒక్కో మైకు మోత మీ కిటికీ దగ్గర 55 దాటకపోయినా, పదీ కలిస్తే 65. అది బజారుకు రాసిన అంకె.

పది మైకుల వాళ్లూ తలా 10 తగ్గిస్తే మాత్రం మొత్తం మీదా 10 తగ్గుతుంది. ఈసారి చందాల పుస్తకం తెరవకముందే, మీ వీధి కమిటీలన్నీ ఒక్క సాయంత్రం కలిసి కూర్చోండి.