రుబ్బు లెక్క

మా కాలనీ కొట్టులో పాల ప్యాకెట్ల పక్కన ఇప్పుడు ఇడ్లీ పిండి ప్యాకెట్లు ఉంటున్నాయి. కిలో 80, 90 రూపాయలు. అది చూసి ‘ఇంత పిండికి ఇంత డబ్బా!’ అని ముక్కున వేలేసుకునే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్ల లెక్క తప్పేం కాదు. గ్లాసు మినపగుళ్లకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. మా వీధి రేట్లకి రెండూ కలిపి 50 రూపాయల లోపే. కిలోంపావు పిండికి తగ్గదు, నలుగురికి రెండు పూటలు సరిపోతుంది. గ్రైండరు తిరిగినందుకు కరెంటు రూపాయి కూడా కాదు.

కానీ రుబ్బడం ఎప్పుడూ పెద్ద పని కాదు, గ్రైండరు వచ్చాక అసలే కాదు. కష్టమంతా ముందూ వెనకా ఉంది. ఆదివారం పొద్దున ఇడ్లీ తినాలంటే శనివారం మధ్యాహ్నమే గుర్తొచ్చి పప్పు నానబెట్టాలి. రుబ్బాక రాళ్లు ఎత్తి, సందుల్లో ఇరుక్కున్న పిండిని వేలితో లాగి, ఆరకముందే కడగాలి. ఆరిందా, ఇక గోకుడే. డిసెంబరులో హైదరాబాద్ చలికి పిండి తెల్లారినా పొంగదు. అమెరికాలో మనవాళ్లు గిన్నెను ఓవెన్‌లో పెట్టి, లోపలి లైటు వేసి ఉంచేది ఆ పాటి వెచ్చదనం కోసమే. ఈ కాపలా ఎవరిదో, రాత్రి పడుకోబోతూ ‘అయ్యో, పప్పు నానెయ్యలేదు’ అని నాలుక కరుచుకునేది ఎవరో చెప్పక్కర్లేదు.

పైగా, ‘అంతా ఇంట్లోనే’ అనే రోజులు ఎప్పుడో పోయాయి. పొట్టు మినప్పప్పు నానబెట్టి, పొట్టంతా పోయేదాకా నీళ్లు మార్చి గాలించే పనిని మిల్లుకు అప్పగించాం. బియ్యం రవ్వ పట్టించడం మానేసి ప్యాకెట్ తెచ్చుకుంటున్నాం. రోలు పోయి కోయంబత్తూరు గ్రైండరు వచ్చింది. అప్పుడు రాని రుచి దిగులు ఈ చివరి మెట్టు దగ్గరే ఎందుకో! ప్రభుత్వానికి కూడా ఈ పిండి ఏ కోవకు వస్తుందో తేల్చుకోవడానికి టైం పట్టినట్టుంది: 2017లో జీఎస్టీ 18 శాతంతో మొదలుపెట్టి, అదే ఏడాది 12కి, ఆపైన 5కి దించారు.

ప్యాకెట్‌కు లోపాలు లేకపోలేదు. ఇడ్లీకీ దోసెకూ ఒకటే పిండి అంటారు. రవ్వ ఇడ్లీకి అలవాటుపడ్డ మన నోటికి అది కాస్త జిగురుగా తగులుతుంది. పులియడం ప్యాకెట్‌లోనూ ఆగదు. కొట్టువాడు రాత్రి ఫ్రిజ్ కట్టేస్తే మర్నాటికి కవరు ఉబ్బిపోతుంది, పిండి పుల్లబడుతుంది. నాకు నచ్చిన దారి మా పక్క వీధిలో ఉంది. ఒకావిడ సాయంత్రాల్లో మినప రుబ్బు మాత్రం గరిటెల లెక్కన అమ్ముతుంది. గిన్నె తీసుకెళ్లి పోయించుకుని, ఇంటికొచ్చి రవ్వ మనమే కడిగి కలుపుకోవడం. గ్రైండరు కడిగే బాధ ఆమెది, పులుపు ఎంతుండాలో మన చేతిలో.

అసలు ఆ 90 రూపాయలను ఇంటి రుబ్బుతో పోల్చడమే సరికాదనుకుంటాను. పప్పు నానెయ్యడం మర్చిపోయిన ఇంట్లో, ప్యాకెట్ లేకపోతే పొద్దున్నే ఎవరూ గ్రైండరు ముందు కూర్చోరు, ఫోన్ తీస్తారు. నలుగురికి ఇడ్లీ పార్సిల్ అంటే డెలివరీ కాకుండానే 200 దగ్గరికి వస్తుంది. దాంతో దారం కట్టిన కవర్లో నీళ్ల చట్నీ. ప్యాకెట్ తెచ్చిన ఇంట్లో కనీసం పల్లీలు వేగుతాయి, పచ్చిమిర్చి ఘాటుకు ఎవరో ఒకరు తుమ్ముతారు.

ఇదే లెక్క వేడినీళ్లు పోసుకునే కప్పు ఉప్మాకు మాత్రం కుదరదు. పోపు వేగి, ఎసరు మరిగి, రవ్వ దగ్గరపడటానికి మొత్తం పావుగంట. కప్పుకైనా నీళ్లు కాచాలి, పోసి మూతపెట్టి ఆగాలి. చేతికొచ్చేది పిడికెడు ఉప్మా. రైలు ప్రయాణానికి తప్ప దానికి నేను డబ్బు పెట్టను.