పటేల్ షాట్, సంఘం షాట్: మన కతలు ఎవరి కంటితో?

దళిత స్వీయకథనాల మీద తెలుగులో జరుగుతున్న చర్చ ఇప్పటికీ పుస్తకం చుట్టూనే తిరుగుతోంది. ఎవరు రాశారు, ఏ భాషలో రాశారు, అది సాహిత్యమా కాదా, ఇదే గొడవ. అచ్చుకు ముందు ఆ మాట ఏ యంత్రంలో పడింది, ఆ యంత్రం ఎవరి చేతిలో ఉంది, ఆ క్యాసెట్టు చివరికి ఎవరి బీరువాలో చేరింది అని అడిగేవాళ్లు తక్కువ. యంత్రానికి కులమేముంటది అనుకుంటాం గావచ్చు. దాన్ని పట్టుకుని నిలబడే చోటుకు మాత్రం కులం ఉంది. 'నేను' అనే మాట ఆ చోటును బట్టి మారుతుందనేది మా వాదన.

1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' టేపు రికార్డరు లేకపోతే వచ్చేది కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాటల్ని అచ్చులో చదువుకున్నాం. పార్టీ చరిత్రల్లో చోటు దొరకని కాన్పులు, వదిలేసుకున్న పిల్లలు, పడ్డ మాటలు అందులో ఉన్నాయి. ఆ మేలు చిన్నది కాదు. అయితే టేపు పుస్తకమయ్యేటప్పుడు అడిగినవాళ్ల గొంతు పలచబడుతుంది. చెప్పినామె ఒక్కతే కూర్చుని ఏకధాటిగా తన బతుకు చెప్పుకున్నట్టు కనబడుతుంది. మౌఖిక చరిత్ర అంతటికీ ఉన్న ఇబ్బందే ఇది. చెప్పడమంటే ఎవరికో చెప్పడం గదా. దొరసానికి చెప్పే కత వేరు, తోడికోడలికి చెప్పే కత వేరు, సర్వేకు వచ్చిన సారుకు చెప్పేది ఇంకా వేరు. "అంతా మంచిగనే ఉన్నది సారూ" అని మా అమ్మలు సాగనంపిన సార్లు ఎంతమందో మాకు తెలుసు.

గోగు శ్యామల రాసిన 'నేనే బలాన్ని' (2011) ఈ కారణానికే ముఖ్యం. టి.ఎన్. సదాలక్ష్మి ఆంధ్రప్రదేశ్‌లో మంత్రిగా, శాసనసభ డిప్యూటీ స్పీకర్‌గా పనిచేసిన మనిషి. 2004లో చనిపోయారు. అంత బతుకునూ ఒక దళిత స్త్రీ విని రాసింది. పేరులో 'నేనే' అని ఉన్నా అది ఇద్దరు కూర్చుని కట్టిన 'నేను'. వాడ అంటే ఏమిటో వివరించే పని ఇందులో లేదు. ఏం చెబితే జాలిపడతారో చూసుకునే పని అసలే లేదు.

ఇంకో అడుగు ముందుకు పోయింది జహీరాబాద్ ప్రాంతపు ఆడవాళ్లు. అప్పటి మెదక్, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1980ల నుంచి దళిత స్త్రీల సంఘాలతో పనిచేస్తోంది. ఆ సంఘాల్లోంచి కొందరు వీడియో కెమెరా నేర్చుకున్నారు. కూలికి పోయి బతికినవాళ్లే ఎక్కువ. ఇంగ్లీషు పేర్లు అక్కరకు రాక తమ పేర్లు తామే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కంటికి కన్ను సమంగా ఉండేది సంఘం షాట్, సంఘంలో అందరూ ఒక్క నేల మీద కూర్చుంటారు గనక. కెమెరా కోణంలో అధికారం ఉంటుందని చెప్పడానికి యూనివర్సిటీలో మేం చదివిన పుస్తకాలకు ఎన్ని అధ్యాయాలు పట్టాయో! అరుగు మీది పటేలు ముందు కింద కూర్చున్న ఒంటికి ఆ కోణం ఎప్పటి నుంచో తెలుసు. కెమెరా వచ్చాక దానికి పేరు దొరికింది. విత్తనాల గురించి మాట్లాడే ముసలమ్మను సంఘం షాట్‌లో పెడితే ఆమె తన పేదరికానికి సాక్షిగా కనబడదు. జొన్నలో ఏం కలిపి విత్తాలో తెలిసిన మనిషిగా కనబడుతుంది.

రేడియో కత ఇంకా పొడుగు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో అన్నది. 2002లో ప్రభుత్వం కమ్యూనిటీ రేడియోకు తలుపు తీసింది విద్యాసంస్థలకే. మాట్లాడాలంటే ముందు చదువుండాలనే మనువు నియమం గాలికి కూడా పాకింది. స్వచ్ఛంద సంస్థలకు 2006లో గాని అనుమతి రాలేదు. అప్పటికే మాచునూరులో స్టూడియో ఉంది, లైసెన్సే లేదు. కార్యక్రమాలను క్యాసెట్లలో నింపి సంఘాల్లో పెట్టి వినిపించారు. ఎవరి మాట వాళ్ల మనుషుల మధ్యనే మోగింది. తేడా చెబితే పక్కింటామె అక్కడికక్కడే దిద్దుతుంది. మా పరిశోధకుల బీరువాల్లో ఉన్న టేపులకు ఆ యోగం లేదు. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద గాలిలోకి వచ్చింది. నడిపింది ఇద్దరు నర్సమ్మలు: జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ.

సంస్థ నీడలో పుట్టిన గొంతు ఎంత స్వతంత్రమని అడిగే మిత్రులున్నారు. అడగాల్సిందే. యూనివర్సిటీ నీడలో పుట్టిన మా గొంతును కూడా అడగాలె. "చదువురాని ఆడవాళ్లు కెమెరా పట్టారు" అని ఆశ్చర్యపోయే రాతలు మాత్రం పటేల్ షాట్‌లే.

ఇప్పుడు రికార్డరు, కెమెరా, రేడియో మూడూ ఫోనై మన జేబుల్లో ఉన్నాయి. చూపు మనదైందా? గ్రూప్స్ ఫలితాలు వచ్చినప్పుడల్లా యూట్యూబు ఛానళ్లు మన ఇండ్ల ముందు వాలుతున్నాయి. రేకుల ఇల్లు చూపించు, ఎన్ని పూటలు పస్తులున్నావో చెప్పు, అమ్మ ఏడిస్తే ఇంకా మంచిది. నిచ్చెన కత కొత్తదేం కాదు. బోయి భీమన్న ఆత్మకథ పేరే 'పాలేరు నుంచి పద్మశ్రీ వరకు'. ఆ తరానికి ఎక్కామని చెప్పుకోవడమే ధిక్కారం. ఇవాళ్టి వీడియోలో సంక్షేమ హాస్టలు, రిజర్వేషను, ఫీజు కట్టిన సీనియరు ఎగిరిపోతారు. ఒక్కడి కష్టం మిగులుతుంది. హాస్టలు గదిలో అది చూసే పిల్లవాడు, లిస్టులో తన నంబరు లేకపోతే తప్పంతా తనదే అనుకుంటాడు. మా భయం ఇదే.

వేముల రోహిత్ ఫేస్‌బుక్‌లో రాసింది నిచ్చెన కత కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా, అంబేద్కర్ విద్యార్థి సంఘం కార్యకర్తగా, కులం మీద, రాజకీయాల మీద తగువు పెట్టుకుంటూ రాసిన రాతలవి. తర్వాత పుస్తకంగానూ వచ్చాయి. 2016 జనవరి 17 తర్వాత లోకం ఎక్కువగా చదివింది చివరి ఉత్తరాన్నే. బతికుండి వాదించిన 'నేను' కన్నా వెళ్లిపోయిన 'నేను' మీదనే అందరికీ ప్రేమ. ప్రభుత్వం అడిగింది ఇంకొకటి: ఇతను ఎస్సీయేనా? కాదంటూ తెలంగాణ పోలీసులు ఇచ్చిన కేసు ముగింపు నివేదిక 2024 మేలో బయటికి వచ్చింది. నిరసనలు లేచాక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. ఒక మనిషి తన గురించి తాను రాసుకున్న రాతలు ఒకవైపు, కులం సర్టిఫికెట్టు ఒకవైపు. పోలీసులు సర్టిఫికెట్టునే పట్టుకున్నారు.