పుర్రచేతి మీటు

"పిక్కుకు కుడేంది, ఎడమేంది తమ్మీ? ఏదైనా ఒక్కటే."

హన్మకొండలో ఒక వాయిద్యాల దుకాణంలో చాలా ఏళ్ల కింద నాకు దొరికిన జవాబిది. హసన్‌పర్తి నుంచి బస్సెక్కి పోయి మొదటి గిటార్ కొనుక్కున్న రోజు. నాది ఎడమచేతి వాటం. ఎడమచేతి గిటార్ తెప్పించాలంటే నెలలు పడుతుందన్నారు, కుడిచేతిదే తెచ్చుకున్నాను. పిక్కన్నా నా చేతికి తగ్గది ఇయ్యన్నా అని అడిగితే, దుకాణాయన సీసాలోంచి రంగురంగుల పిక్కులు గుప్పెడు తీసి బల్ల మీద పోసి ఆ మాటన్నాడు.

అందులో సగం నిజమే. మిగతా సగం నాకు తెలిసేసరికి ఏళ్లు గడిచాయి. ఇప్పుడు మా దగ్గర, ఎర్రగట్టు చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీల హాస్టళ్ల నుంచి సాయంత్రం పూట గిటార్ నేర్చుకోవడానికి పిల్లలు వస్తుంటారు. ఏడాదికి ఒకరిద్దరు పుర్రచేతి వాళ్లు తగులుతారు. నాకు పట్టినన్ని ఏళ్లు వాళ్లకు పట్టకూడదని ఇది రాస్తున్నాను.

తీగను ఇంకో వస్తువుతో మీటడం మనకు గిటార్‌తో వచ్చిన విద్య కాదు. ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవారి జమిడిక చూడండి. ఒక చివర తోలు మూసిన గుండ్రటి బుర్ర, తోలు నడుమ నుంచి బయలుదేరే ఒకే ఒక్క తీగ. బుర్రను చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో తీగను బిగిస్తూ వదులుతూ, ఇంకో చేతిలోని చిన్న మీటుతో కొడతారు. బిగువు మారినకొద్దీ స్వరం ఎక్కుతుంది, దిగుతుంది. ఆ ఒక్క తీగ కథలో అమ్మవారి కోపాన్నీ చూపిస్తుంది, జాలినీ చూపిస్తుంది. వీణ వాయించేవాళ్లలో కొందరు వేలి గోళ్లతోనే మీటుతారు, కొందరు వేళ్లకు లోహపు మీటు తొడుక్కుంటారు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ జంట తీగల వాద్యాన్ని ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్‌గా మార్చుకుని, చేతిలో చిన్న పిక్కుతో కర్ణాటక సంగీతమంతా పలికించారు. ఒక్క మీటు వేసి, ఆ నాదం ఆరిపోయేలోపు ఎడమచేతి వేళ్లతో గమకం లాగడం ఆయన వాదనంలో వినండి. పిక్కు ఎంత తక్కువ పని చేసి ఎంత ఎక్కువ ఇస్తుందో తెలుస్తుంది.

వీళ్లందరి సంప్రదాయంలోనూ మీటే చెయ్యి కుడిదే. పుర్రచేతి పిల్లవాడికి వీణ నేర్పినా కుడిచేతికే మీటు తొడుగుతారు. అన్నం ముద్ద కుడిచేత్తోనే తినాలని, పలక మీద బలపం కుడిచేత్తోనే పట్టాలని పెరిగిన ఇళ్లు మనవి. "ఆ చెయ్యి కాదు బిడ్డా" అన్న మాట మా అమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో. కోపంతో అనలేదు, నలుగురిలో నన్నెవరైనా ఏమంటారోనని భయంతో అన్నది. నాగలికి ఎడ్లను కట్టేటప్పుడు మాత్రం ఎడమన నడిచే దాపటి ఎద్దును దాపటే కడతాం, వెలపటి ఎద్దును వెలపటే కడతాం. మార్చి కడితే సాలు వంకర పోతుందని ప్రతి రైతుకూ తెలుసు. ఆ తెలివి పిల్లల చేతుల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మరిచామో నాకిప్పటికీ అర్థం కాదు.

మృదంగంలో పళని సుబ్రహ్మణ్య పిళ్లై ఎడమచేతి వాటం విద్వాంసుడు. ఆయన ఉన్న కచేరీలో వయొలిన్, మృదంగం కూర్చునే వైపులు మారాలి. దానికి ఒప్పుకోని వాళ్లుండేవారు. గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ పట్టుబట్టి ఆయన్ని తన కచేరీలకు పెట్టుకున్నారు. వేదిక మీద ఇద్దరి చాపలు అటుదిటు చేస్తే పోయేదానికి ఒక మహా విద్వాంసుణ్ణి దూరం పెట్టబోయారు. మా పిల్లలకు ఈ సంగతి మొదటి రోజే చెబుతాను.

మొదటి రోజు ఇంకో పని కూడా చేయిస్తాను. గిటార్ చేతికివ్వకుండా, "ఉత్తగనే వాయిస్తున్నట్టు చెయ్యి" అంటాను. గాలిలో ఏ చెయ్యి మీటుతుందో చూస్తాను. రాసే చెయ్యి, మీటే చెయ్యి ఒకటే కావాలని లేదు. మార్క్ నాఫ్లర్ ఎడమచేతి వాటం మనిషే, గిటార్ మాత్రం కుడిచేతి వాళ్లలాగే వాయిస్తాడు. లయ ఏ చేతిలో ఉందో ఆ చేతికే పిక్కు ఇవ్వాలి.

అక్కడి నుంచి దారులు చీలుతాయి. అసలైన ఎడమచేతి గిటార్ దొరికితే అదృష్టం. లేకపోతే జిమి హెండ్రిక్స్ చేసినట్టు కుడిచేతి గిటార్‌ను తిప్పి, తీగల వరుస మార్చుకోవాలి. మార్చడమంటే తీగలు విప్పి కట్టడంతో అయిపోదు. సన్న తీగ కోసం కోసిన గాడిలో లావు తీగ దిగదు కాబట్టి మెడ చివరనున్న నట్టు మార్చాలి. ఇంకో చిక్కు చాలామంది గమనించరు. పిక్కు గీతలు పడకుండా గిటార్ ఒంటికి అంటించే పలక తిప్పిన గిటార్‌లో పైకి పోతుంది. కింద చెక్క బోసిగా మిగులుతుంది. గట్టి పిక్కుతో జోరుగా వాయిస్తే ఆర్నెల్లలో చెక్క మీద గీతలు తేలతాయి. తీగలు తిప్పేసిన వాళ్లకు కింద పారదర్శకమైన పలకొకటి అంటించుకోమంటాను, మొదట్లో 0.60 మిల్లీమీటర్ల మెత్తటి పిక్కు వాడమంటాను.

తీగలు కూడా మార్చకుండా గిటార్‌ను ఉన్నదున్నట్టు తలకిందులుగా పట్టుకుని వాయించే వాళ్లూ ఉన్నారు. ఆల్బర్ట్ కింగ్, డిక్ డేల్ ఆ దారివాళ్లు. వీళ్లకు కిందికి మీటితే సన్న తీగలు ముందు మోగుతాయి, పైకి మీటితే మంద్రం ముందు పలుకుతుంది. మొన వాడిగా ఉన్న పిక్కు వాడితే ప్రతి కింది మీటూ చెవిలో సూదిలా గుచ్చుతుంది. మొన గుండ్రంగా ఉన్నది తీసుకుంటే ఆ కీచు తగ్గుతుంది.

ఎడమచేతి వాటం ఉండి కుడిచేత్తో మీటడం నేర్చుకునేవాళ్లకు ఒక లాభం ఉంది. మెట్ల మీద నడిచే చెయ్యి చురుకైనది. మీటే చెయ్యి మాత్రం బద్ధకిస్తుంది, పిక్కు వేళ్లలో తిరిగిపోతుంది, జారిపోతుంది. వాళ్లకు గరుకుగా ఉండే నైలాన్ పిక్కు గానీ, మూడు మూలలదైన పెద్ద పిక్కు గానీ ఇస్తాను. మందం 0.73కు తగ్గనివ్వను. మరీ పల్చటి పిక్కు తప్పు పట్టును కప్పిపెడుతుంది, ఆ తప్పు తర్వాత వదలదు.

మందం సంగతి దుకాణంలో ఎవరైనా చెబుతారు. డన్‌లప్ వాళ్ల టార్టెక్స్ పిక్కుల్లో ఎర్రది 0.50, నారింజ 0.60, పసుపు 0.73, ఆకుపచ్చ 0.88, నీలం 1.0 మిల్లీమీటర్లు. పల్చనిది వంగి తీగల మీద జర్రున సాగుతుంది, పాటకు తోడుగా లయ వేయడానికి బాగుంటుంది. మందమైనది వంగదు, ఒక్కో స్వరాన్ని విడిగా పలికించడానికి అదే మేలు. ఒకప్పుడు మంచి పిక్కులు సముద్రపు తాబేలు చిప్పతో చేసేవారు. ఆ వ్యాపారం నిషేధమయ్యాక దానికి బదులుగా వచ్చినవే ఇలాంటి ప్లాస్టిక్ రకాలు.

ఇక దుకాణాయన చెప్పని సగం.

కొత్త పిక్కును ట్యూబ్‌లైటు కింద పట్టి చూస్తే రెండు వైపులా ఒకేలా ఉంటుంది. దానికి నిజంగానే కుడి ఎడమలు లేవు. నెల వాడాక మళ్లీ అదే లైటు కింద చూడండి. పిక్కును తీగకు సరిగ్గా సమాంతరంగా ఎవరూ పట్టరు. కొంచెం వాల్చి పడతాం, అలా పడితేనే తీగ మీద నుంచి జారుతుంది. కిందికి మీటినప్పుడు ఒక ముఖం మీద ఒక అంచు అరుగుతుంది. పైకి మీటినప్పుడు రెండో ముఖం మీద అవతలి అంచు అరుగుతుంది. మొన మెల్లగా ఫ్యాను రెక్కలాగా మెలితిరుగుతుంది. కుడిచేతి వాళ్ల పిక్కు ఒక దిక్కుకు మెలితిరిగితే మనది దానికి ఎదురు దిక్కుకు తిరుగుతుంది.

అరిగిన పిక్కును అటుదిటు తిప్పి పట్టుకుంటే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. మరమేకును తలకిందులు చేసినా దాని మర చుట్టు మారదు, ఇదీ అంతే. హాస్టళ్లలో పిక్కులు చేతులు మారుతూనే ఉంటాయి. పుర్రచేతి పిల్ల స్నేహితురాలి పిక్కు అడిగి తీసుకుంటుంది. అది ప్రతి మీటుకూ తీగకు తట్టుకుంటుంది. నాకు చెయ్యి తిరగడం లేదని ఆ పిల్ల అనుకుంటుంది. నేను రెండేళ్లు అలాగే అనుకున్నాను. అంచులు ముందే వాలుగా చెక్కిన ఖరీదైన పిక్కులను బ్లూచిప్ లాంటి కంపెనీలు కుడిచేతికి వేరుగా, ఎడమచేతికి వేరుగా అమ్మేది ఇందుకే. బొటనవేలికి తొడిగే పిక్కులు మొదటి నుంచీ రెండు రకాలు. కుడి బొటనవేలిది ఎడమ వేలికి తొడిగితే దాని నాలుక తీగల వైపు ఉండాల్సింది అవతలికి పోతుంది. అవి కొనేటప్పుడు ఎడమచేతివే కావాలని గట్టిగా అడగాలి.

ఎడమ వాలు పిక్కు కోసం మేం ఎక్కడికీ పోం, ఇక్కడే చేసుకుంటాం. గడువు తీరిన ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, పసుపు పిక్కుకు దాదాపు సమానం. పాత పిక్కును దాని మీద పెట్టి పెన్నుతో గీసి, కత్తెరతో కత్తిరించాలి. ఎడమచేతిలో ఎప్పటిలా పట్టుకుని, బల్ల మీద పరిచిన 600 నంబరు గరుకు కాగితం మీద తీగను మీటినట్టే అదే వాలులో కిందికి ఇరవైసార్లు, పైకి ఇరవైసార్లు రాయాలి. తర్వాత జీన్స్ ప్యాంటు తొడ మీద మెరుపొచ్చేదాకా రుద్దాలి. నెల అరుగుదల పది నిమిషాల్లో వచ్చేస్తుంది, అది కూడా మన చెయ్యి తిరిగే దిక్కుకే.

పట్టు గురించి ఒక్క మాట. చూపుడువేలి చివరి కణుపు పక్కన పిక్కును పడుకోబెట్టి, పైన బొటనవేలు ఆనించాలి. మొన మూడు నాలుగు మిల్లీమీటర్లు బయటికి కనబడితే చాలు. ఎదుటివాడు లాగితే పిక్కు వచ్చేయాలి, తీగ లాగితే మాత్రం రాకూడదు. అంత బిగువు. కుడిచేతి గురువు ఎదురుగా కూర్చుని నేర్చుకునే పుర్రచేతి శిష్యుడికి ఇక్కడ ఒక సుళువుంది. గురువు చెయ్యి అతనికి అద్దంలో తన చెయ్యిలాగే కనిపిస్తుంది. నా దగ్గర ఆ సుళువు కుడిచేతి పిల్లలకు దొరుకుతుంది.

పోయిన వర్షాకాలం ఒక ఫస్టియర్ అమ్మాయి వచ్చింది. కుడిచేతి గిటార్‌ను తిప్పి పట్టుకుంది, చేతిలో ఎవరో ఇచ్చిన ఆకుపచ్చ పిక్కు. "అన్నా, ఈ చేత్తోని నాకు రాదేమో. కుడికి మార్చుకోమంటున్నరు అందరు" అన్నది. పిక్కు తీసుకుని లైటు కింద పెట్టి చూపించాను. ఏ అంచు అరిగిందో తనే వేలు పెట్టి చెప్పింది. ఇద్దరం కూర్చుని కార్డు కోసి, గరుకు కాగితం మీద రాశాం. తెల్లటి పొడి రాలింది. ఆ పిక్కుతో మొదటి తీగ నుంచి ఆరో తీగ దాకా ఒకసారి దించి, ఆగి నా మొహం చూసింది. మళ్లీ దించింది. ఎక్కడా తట్టుకోలేదు. పోయేటప్పుడు మిగిలిన గరుకు కాగితం ముక్క అడిగింది, హాస్టల్లో తనలాంటి పిల్ల ఇంకొకతె ఉన్నదట.