బోలిక్ సోదరుల జంటపాట

ఉత్తర కరోలినా రాష్ట్రమున, అపలేచియన్ పర్వతపాదములందలి హికరీ ప్రాంతమున జన్మించిన బిల్, ఎర్ల్ బోలిక్ అను అన్నదమ్ములు, 'బ్లూ స్కై బాయ్స్' అను పేర 1936లో షార్లెట్ నగరమున తొలి రికార్డులు పాడిననాటికి, ఇరువురికిని ఇరువదియేండ్లు నిండలేదు. మన కచేరీలలో జంటగా పాడువారు ఒకే స్వరమున లీనమై ఒక్క గొంతుకగా వినబడుటయే ఘనతగా నెంచుదురు. వీరి విద్య వేఱు. గిటారు పట్టిన ఎర్ల్ గంభీరముగా వరుస నెత్తుకొని షడ్జముపై నిలిచినప్పుడు, మాండొలిన్ వాయించు బిల్ సన్నని గొంతుకతో దానిపై గాంధారమును స్పృశించును. క్రింది గొంతుక కదలినచో పై గొంతుకయు ఎడము చెడనీయక కదలును. పాదము ముగియుచోట ఇద్దరి ఊపిరియు ఒక్కమారే ఆగును. చెప్పుటకు సులభమే గాని, అన్న వెంట్రుకవాసి గొంతు హెచ్చించినను తమ్ముని పాట మునిగిపోవును. హత్యలు, అనాథశిశువులు, మృత్యువు మున్నగు కథలను సైతము, ప్రక్కగదిలో నిదురించు బిడ్డకు మెలకువ రానీయక చెప్పుకొన్నట్లు పాడుదురు. ఆ మెత్తదనమే నాకు మిక్కిలి ప్రియము. రెండవ ప్రపంచయుద్ధానంతరము విద్యుత్ గిటారు చేర్చుడని రికార్డులవారు కోరగా వీరు సమ్మతింపరైరి. మొండితన మందురా, కానిండు! ఎనిమిది తంత్రుల మాండొలిన్, ఆరు తంత్రుల గిటారు, రెండు కంఠములు. విద్యుత్ గిటారునకు ఆ పాటలో చోటు లేదు. 1951లో పాట చాలించి, బిల్ తపాలా కొలువునకును, ఎర్ల్ విమానముల కర్మాగారమునకును పోయిరి.