ఏడు చుక్కలు, నాలుగు వచ్చే వరకు

బెంగళూరు పీణ్య రెండో స్టేజీ చుట్టుపక్కల, లగ్గెరె, రాజగోపాలనగర, హెగ్గనహళ్ళి సందుల్లో వాకిలి అంటే చాలా ఇళ్ళకు ఒక సిమెంటు మెట్టూ, దాని ముందు రెండు మూడడుగుల జాగా. పక్కింటివాళ్ళ బైకు జరిపితేనే ఆ జాగా అయినా దక్కేది. హిందూపురం, మడకశిర, పావగడ, కదిరి వైపు నుంచి వచ్చి గార్మెంట్స్‌లో పనిచేసుకునే తెలుగు ఆడవాళ్ళు ఈ వఠారాల్లో ఎంతోమంది. ఫ్యాక్టరీ గేటు మూసేలోపు నీళ్ళు పట్టాలి, అన్నం కూర కావాలి, పిల్లల జడలు వేయాలి, డబ్బాలు కట్టాలి. వీటన్నిటికన్నా ముందు ముగ్గు పడుతుంది. ముగ్గునీ, గడప పసుపునీ, శ్రావణ శుక్రవారాన్నీ మనం ఆచారం అనే ఒక్క మాటతో దాటేస్తుంటాం. నాకు మాత్రం అందులో మొదట కనిపించేది పనితనం. ఏళ్ళ తరబడి చేతికి నేర్పిన విద్య.

నీళ్ళు చల్లి ఊడ్చిన వెంటనే ముగ్గు వేయకూడదు. నీళ్ళు నిలిచి ఉంటే పిండి ముద్ద కడుతుంది. పూర్తిగా ఆరిపోతే బండి పోయిన గాలికే లేచిపోతుంది. తడి ఇంకి నేల ఇంకా నల్లగా ఉన్నప్పుడే గీత పట్టుకుంటుంది, సిమెంటు మీద ఆ అదను కాసేపే. పేడ కళ్ళాపి చల్లిన మట్టి వాకిట్లో పెరిగిన చేతికి ఇక్కడ కొత్త వేగం అలవాటు చేసుకోక తప్పదు. బండి మీద కొన్న రాతిముగ్గులో కొందరు ఇంత బియ్యప్పిండి కలుపుకుంటారు. చీమలకూ పిచ్చుకలకూ నాలుగు గింజలంత మేత అవుతుందని పెద్దవాళ్ళ మాట. పిండిని చూపుడువేలు, నడిమివేలు మీద నిలుపుకుని బొటనవేలితో తోస్తూ వదలాలి. గీత సన్నమా లావా అన్నది బొటనవేలి నొక్కును బట్టి, వంపు మణికట్టును బట్టి. పెద్ద ముగ్గయితే నడుము వంచి వెనక్కి అడుగులేస్తూ వేయాలి, లేకపోతే వేసినదాన్ని మన కాలే తుడిచేస్తుంది.

“ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చే వరకు” అని ఒకావిడ గోడ అవతలి నుంచి చెప్తే ఇవతల ఉన్నావిడకు పటం మొత్తం అందినట్టే. నడిమి వరసలో 7, దానికి అటూ ఇటూ సందుల్లో పడేలా 6, 5, 4. మొత్తం 37 చుక్కలు, ఆరు పక్కల ఆకారం. అదే ఏడింటిని ఎదురు చుక్కలుగా ఒకటి వచ్చే వరకు పెడితే 7, 5, 3, 1 చొప్పున 25 చుక్కలు, నాలుగు మొనలు. మెలిక ముగ్గులో గీత చుక్కను తాకదు, దాని చుట్టూ తిరిగి పోతుంది, బయల్దేరిన చోటికే వచ్చి మూసుకోవాలి. మధ్యలో ఒక్క మలుపు తప్పినా చివర్లో కొస కలవదు. అప్పుడు చెరిపితే తడినేల మీద తెల్లమరక ఉండిపోతుంది. అందుకే నేర్చుకునే పిల్లల చేత ముందు నాలుగు చుక్కలదే పదే పదే వేయిస్తారు.

1970లలో మద్రాసులో గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్ తమిళుల కోలాలను గణితంతో పరిశీలించారు. చిన్న చిన్న నియమాలను మళ్ళీ మళ్ళీ వర్తింపజేస్తూ ఎంత పెద్ద ముగ్గునైనా ఎలా పుట్టించవచ్చో సూత్రాలుగా రాశారు. కంప్యూటర్ శాస్త్రంలో బొమ్మల వ్యాకరణాల చదువుకు ఆ పని ఒక ఆధారమైంది. ఆ నియమాలను కాగితం మీద పెట్టకుండానే వేళ్ళలో మోసుకొచ్చిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ లేవు.

ముగ్గు అయ్యాక గడప. అద్దె గదుల్లో ఇప్పుడు కొయ్యగడప దొరకడం కష్టం, ఇనుప చట్రం కింద టైల్సు బద్ద ఉంటే గొప్ప. ఆ బద్దకే శుక్రవారం పసుపు రాస్తారు. పసుపు పల్చనైతే జారిపోతుంది, చిక్కనైతే ఎండి పెచ్చులు లేస్తుంది. అరచేతి మడమతో ఒక చివర నుంచి రెండో చివరకు ఒకే ఊపులో రాసి, కొంచెం ఆరనిచ్చి, ఉంగరపు వేలితో కుంకుమ బొట్లు పెట్టి, మధ్యమధ్య బియ్యప్పిండి గీతలు లాగుతారు. పక్కగది కన్నడావిడ దీన్నే హొస్తిలు పూజె అంటుంది, చేసే పని ఒకటే.

గడపను ఇంతగా పట్టించుకున్నవాళ్ళు మనమొక్కరమే కాదు. పాత రోమ్‌లో ఒక్క ద్వారానికే ముగ్గురు దేవతలుండేవారు. తలుపుకు ఫోర్కులస్, తలుపు తిరిగే కీలుకు కార్డియా, గడపకు లిమెంటినస్. మనుషులు కాపలాకు ఒక్కణ్ణి పెట్టుకుంటే చాలే, వీళ్ళకు ముగ్గురు దేవుళ్ళు కావలసి వచ్చిందని 5వ శతాబ్దంలో క్రైస్తవ ఆచార్యుడు అగస్టీన్ వెక్కిరించాడు. నాకు ఆ వెక్కిరింత సబబనిపించదు. ఇంట్లోకి వచ్చేదీ పోయేదీ ఏమిటో రోజంతా చూసుకునేవాళ్ళకు తలుపు వేరు, కీలు వేరు, గడప వేరు. రోమన్ పెళ్ళికూతురు అత్తారింటికి రాగానే మొదట చేసేది ద్వారబంధానికి నూనె గానీ కొవ్వు గానీ పూసి ఉన్నిపట్టీలు చుట్టడం. తర్వాత ఆమె కాలు గడపకు తగలకుండా ఎత్తి లోపలికి తీసుకెళ్ళేవారు. లోపల నిప్పూ నీళ్ళూ అందించేవారు. మన కోడలు గడప మీది బియ్యం చెంబును కుడికాలితో తోసి అడుగుపెడుతుంది. తీరు వేరైనా, కొత్త మనిషి ఇంటిదయ్యేది రెండు చోట్లా ఆ బద్ద దగ్గరే.

రోమ్‌కూ ఈ ప్రాంతానికీ పాత పరిచయం కూడా ఉంది. పీణ్య నుంచి మెట్రోలో రెండు స్టేషన్ల అవతలి యశవంతపురంలో అగస్టస్, టిబేరియస్ కాలపు రోమన్ నాణేలు దొరికాయి. దక్షిణ భారతంలో బయటపడిన టిబేరియస్ వెండి నాణేల్లో ఎక్కువగా కనిపించే రకానికి ఒకవైపు చక్రవర్తి తల, రెండోవైపు దండమూ కొమ్మా పట్టుకుని కూర్చున్న స్త్రీ ఉంటుంది. ఆమె అగస్టస్ భార్య, టిబేరియస్ తల్లి లివియా అని చాలామంది పండితులు అనుకుంటారు. అగస్టస్ ఇంట్లో కట్టుకునే బట్టలను భార్య, అక్క, కూతురు, మనవరాళ్ళే తయారు చేసేవారని చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు. చక్రవర్తి ఇంటి ఆడవాళ్ళకు కూడా ఉన్ని పనే మెప్పు. సమాధిరాళ్ళ మీద భార్యను పొగిడేటప్పుడు ఇల్లు చూసుకున్నదనీ ఉన్ని వడికిందనీ చెక్కించేవారు. పీణ్యలో కుట్టు మిషన్ ముందు గంటకిన్ని పీసులని లెక్క చెప్పుకుంటూ గడిపే ఆడవాళ్ళకు ఏ రాయి మీదా ఆ మెప్పు దక్కలేదు. వాళ్ళు కుట్టిన చొక్కాలు మాత్రం ఓడలెక్కి రోమ్ దాకా పోతూనే ఉన్నాయి.

రోమన్ ఇంటి పూజకు నడిబొడ్డు పొయ్యి. క్రీ.పూ. 2వ శతాబ్దంలో కేటో అనే పెద్దమనిషి సేద్యం గురించి రాసిన పుస్తకంలో, పొలం ఇంటిని నడిపే బానిస స్త్రీ ఏమేం చేయాలో చెప్పాడు. ప్రతి రాత్రి పడుకునే ముందు పొయ్యి చుట్టూ శుభ్రంగా ఊడ్చాలి. నెలలో మూడు ముఖ్యమైన రోజుల్లో, పండగ రోజుల్లో పొయ్యి మీద పూలదండ వేసి ఇంటి దేవుడు లార్‌కు మొక్కుకోవాలి. అయితే యజమాని అనుమతి లేకుండా ఏ పూజా చేయకూడదు, చేయించకూడదు. ఊడ్పూ పువ్వూ ఆమెవి, అనుమతి యజమానిది. వఠారపు ఒంటిగదిలో గ్యాస్ స్టవ్ పైన అలమరలోనే దేవుడి పటాలు ఉంటాయి. స్టవ్ కడిగి బొట్టు పెట్టాకే పాలు పెట్టే ఇల్లాలికి కేటో చెప్పిన సగం పని కొత్తగా నేర్పనక్కర్లేదు.

ఊళ్ళోవాళ్ళందరి తరఫునా పొయ్యి కాపాడినవాళ్ళు వెస్టా దేవత పూజారిణులు, ఆరుగురు. ఆరేళ్ళకూ పదేళ్ళకూ మధ్య వయసులో ఎంపికై 30 ఏళ్ళు ఉండేవారు. పదేళ్ళు నేర్చుకోవడం, పదేళ్ళు చేయడం, పదేళ్ళు చిన్నవాళ్ళకు నేర్పడం. మే నెల 7 నుంచి 14 వరకు రోజు విడిచి రోజు గోధుమ జాతి కొత్త వెన్నులు తెచ్చి, వేయించి, దంచి, విసిరి పెట్టుకునేవారు. ఏడాదికి మూడుసార్లు ఆ పిండిలో ఉప్పు కలిపి సిద్ధం చేసేవారు. రోమ్‌లో ప్రభుత్వం బలి ఇచ్చే ప్రతి జంతువు తల మీదా ఆ పిండి చల్లాల్సిందే. జూన్ 15న గుడి ఊడ్చిన చెత్తను బయటికి తీసుకుపోయేదాకా ఆ రోజు కోర్టు పనులు మొదలయ్యేవి కావు. విసరడం, ఊడ్చడం. ఇంట్లో ఎవరూ లెక్కపెట్టని ఈ రెండు పనుల మీద ఒక మహానగరపు పంచాంగం ఆగి నడిచింది.

ఇక శ్రావణం. పున్నమికి ముందు వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఫ్యాక్టరీకి ఆ రోజు మామూలు రోజే అయితే పూజ తెల్లవారుజామున కావాలి, లేదా షిఫ్టు అయ్యాక దీపాల వేళకు. తోరం ముందు రాత్రే కడతారు. తొమ్మిది పోగుల దారాన్ని పసుపు నీళ్ళలో ముంచి, బిగలాగి, తొమ్మిది ముడులు వేయాలి. ముడిముడికీ ఎడం ఒకేలా ఉండాలి, ముడిలో పువ్వు కాడ నలగకూడదు. అమ్మవారికొకటి, తనకొకటి, వాయనం తీసుకునే ముత్తయిదువకొకటి.

బెంగళూరులో కలశానికి చీర కట్టే పద్ధతి బాగా స్థిరపడింది, మన ఇళ్ళలోకీ వచ్చేసింది. చెంబు మెడకు అడ్డంగా ఒక పుల్ల కట్టి భుజాలు చేస్తారు. చీరను పొడవునా సన్నగా మడిచి, కుచ్చిళ్ళు పెట్టి, ఒక్కో మడతనూ పిన్నుతో ఆపి, చెంబు చుట్టూ దారంతో బిగిస్తారు. అంచు ఎక్కడా వంకర పోకూడదు, పల్లూ బరువుకు కొబ్బరికాయ మీది ముఖం వాలకూడదు. రోజంతా కాలర్లు తిప్పే చేతులు, అంచులు మడిచే చేతులు ఈ పని చేస్తుంటే కళ్ళు తిప్పుకోలేం. గుడ్డ ఎటు లాగుతుందో ఆ వేళ్ళకు ముందే తెలుసు. అక్కడ సూపర్‌వైజర్ గడియారం ఉంటుంది, ఇక్కడ మడత కుదిరేదాకా ఆగే వీలుంటుంది.

వ్రతకథలో చారుమతి ఇంటి పనులు వేళకు చేసుకుంటూ భక్తిగా ఉండే ఇల్లాలు. అమ్మవారే కలలో కనిపించి వ్రతం చెప్తుంది. ఆమె ఇరుగుపొరుగును పిలుచుకుని అందరితో కలిసి చేస్తుంది. రోమన్ నాటకకర్త ప్లాటస్ రాసిన పసిడి కుండ నాటకంలో ఇంటి దేవుడు లార్ స్వయంగా రంగం మీదికి వస్తాడు. ఆ ఇంటి పిల్ల రోజూ సాంబ్రాణో, ద్రాక్షసారాయో, మరేదో ఒకటి పెట్టి దండ వేస్తుందని, ఆమె పెళ్ళి కోసమే నేలలో దాచిన బంగారం ఆమె తండ్రికి చూపించానని చెప్తాడు. రెండు కథల్లోనూ దైవం గమనించింది ఖరీదైన యాగాన్ని కాదు, రోజువారీ శ్రద్ధను.

వ్రతం పేరుతో జరిగే ఈ కూడికలకు ఇంకో విలువ ఉంది. క్రీ.పూ. 215లో యుద్ధకాలంలో రోమ్ ఒక చట్టం చేసింది. ఆడవాళ్ళు అర ఔన్సు మించి బంగారం ఉంచుకోకూడదు, రంగుల బట్టలు కట్టకూడదు, పూజలకు తప్ప ఊళ్ళో బండెక్కకూడదు. ఇరవయ్యేళ్ళ తర్వాత, 195లో, ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చి సభకు పోయే దారులన్నీ నింపేశారు. చట్టం ఉండాల్సిందేనని గట్టిగా వాదించింది కాన్సల్‌గా ఉన్న కేటో, పూజకు యజమాని అనుమతి కావాలన్న ఆ కేటోనే. ఓడిపోయాడు. చట్టం రద్దయింది. అంతవరకూ వాళ్ళు తరచుగా ఒకచోట చేరగలిగింది పూజల్లోనే, కాబట్టి ఒకరికొకరు ముందే తెలిసుంటారని నా ఊహ. 2016 ఏప్రిల్‌లో, భవిష్యనిధిలో యజమాని వాటా 58 ఏళ్ళు నిండేదాకా తీసుకోకూడదన్న కొత్త నిబంధనకు ఎదురుతిరిగి బెంగళూరు గార్మెంట్స్ కార్మికులు రోడ్ల మీదికి వచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. రెండో రోజుకే కేంద్రం ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది. ఏ సంఘమూ ముందుండి నడిపించని ఆ కదలికలో వఠారాల పరిచయాలు ఎంతో కొంత పనిచేసే ఉంటాయి. శనగల పొట్లం ఇచ్చిపుచ్చుకునేవాళ్ళకు ఒకరి జీతం, ఒకరి అప్పు, ఒకరి పిల్లల ఫీజు తెలుసు.

ఈ సంప్రదాయం ఎంత నచ్చినా, అది బయట నిలబెట్టేవాళ్ళ సంగతి దాటవేయలేను. భర్త పోయినావిడకు తాంబూలం లేదు, తోరం లేదు. రోమ్‌లోనూ గోడలున్నాయి. జూన్ 11న మాటర్ మాటుటా పండగలో అమ్మవారి విగ్రహాన్ని అలంకరించే హక్కు ఒక్కసారే పెళ్ళయినవాళ్ళకు ఉండేది. బానిస స్త్రీనైతే గుడిలోంచి కొట్టి పంపడం ఆ పండగ తంతులోనే భాగం. కానీ అదే రోమ్‌లో ఏప్రిల్ 1న వీనస్ విగ్రహానికి నగలు తీసి, స్నానం చేయించి, తుడిచి, మళ్ళీ నగలూ పూలూ పెట్టే పని ఉండేది. దానికి గృహిణులనూ, కొత్త పెళ్ళికూతుళ్ళనూ, గౌరవస్త్రీల తలపట్టీ కట్టే అర్హత లేని ఆడవాళ్ళనూ కలిపి పిలిచాడు కవి ఓవిడ్.

వఠారంలో అలాంటి పిలుపు కష్టం కాదు. కలశానికి కుచ్చిళ్ళు పెట్టడంలో అందరికన్నా చెయ్యి తిరిగినావిడ భర్త లేనిదే కావచ్చు. “అక్కా, నువ్వొచ్చి కడితేనే చీర నిలబడేది, రా” అని ముందు రాత్రే పిలుచుకుని, తెల్లారి ఆమె చేతికీ తోరం కట్టి, ఆమె కొంగులోనూ శనగలు పోయవచ్చు. దానికి ఏ యజమాని అనుమతీ అడగనక్కర్లేదు.