లేని పదానికీ ఒక చోటు

పదో తరగతిలో వర్గ సమీకరణాల పాఠం మొదలవగానే ఎ, బి, సి గుణకాలు చెప్పమంటారు. మూడు పదాలూ ఉంటే పిల్లలు టకటకా చెప్పేస్తారు. మధ్య పదం లేకపోతే మాత్రం చివరనున్న స్థిర పదాన్ని తెచ్చి బి చోట పెట్టేస్తారు. దీన్ని అజాగ్రత్త అని కొట్టిపారేయడం అన్యాయం. కనిపించినవాటిని కనిపించిన వరుసలో లెక్కపెట్టడం ఎవరికైనా సహజమే. కనిపించని పదాన్ని కనిపించేలా రాయించాలి. అలా రాసే పద్ధతి మన దేశంలో పదకొండు వందల ఏళ్ల కిందటే ఉంది.

బ్రహ్మగుప్తుడు 628లో సున్నాతో కూడిక, తీసివేత, గుణకారాలకు నియమాలు చెప్పాడు. ఆయన గ్రంథానికి తొమ్మిదో శతాబ్దంలో వ్యాఖ్య రాసిన పృథూదకస్వామి సమీకరణంలోని రెండు పక్షాలనూ ఒకదాని కింద ఒకటి రాశాడు. తెలియని రాశికి యా, దాని వర్గానికి యావ, మామూలు సంఖ్యకు రూ. ఒక రాశికి పది రెట్లలోంచి 8 తీసేస్తే, దాని వర్గానికి 1 కలిపినంత అవుతుందనే లెక్కలో పై వరుస ‘యావ 0 యా 10 రూ 8’, కింది వరుస ‘యావ 1 యా 0 రూ 1’. పైనున్న 8 నెత్తిన చుక్క ఉంటుంది, అది రుణ సంఖ్యకు గుర్తు. పైన వర్గం లేదు, కింద యా లేదు. అయినా రెండు చోట్లా సున్నా వేశారు. దాంతో కింది వరుసలోంచి పై వరుసను పదానికి పదం తీసేస్తే 1, −10, 9 వచ్చేస్తాయి. జవాబులు 1, 9. వర్గం ముందు అంకె లేకపోతే గుణకం 1, వర్గమే లేకపోతే 0. పిల్లలు కలిపేసుకునే ఈ రెండింటినీ ఆ రాత విడదీసి చూపిస్తుంది.

పైగా ఆ సున్నాకు అర్థం ఉంటుంది. గండికోట దగ్గర పెన్నా ఎర్రమల కొండలను కోసిన లోయను తీసుకుందాం. లెక్క తేలిక కోసం ఒకచోట లోతు 80 మీటర్లనుకుందాం. గాలి నిరోధాన్ని వదిలేస్తే, అంచున ఊడిన రాయి యా సెకన్లలో సుమారు 5యా² మీటర్లు పడుతుంది. అంటే 5యా² + 0యా − 80 = 0. నాలుగు సెకన్లలో అడుక్కి చేరుతుంది. ఇక్కడ బి అంటే రాయి బయలుదేరినప్పటి వేగం. తనంతట తాను ఊడింది కాబట్టి అది 0. అదే రాయి సెకనుకు 30 మీటర్ల వేగంతో కిందికి దూసుకెళితే బి 30 అవుతుంది, రెండు సెకన్లే పడుతుంది. లోయ మారలేదు కాబట్టి సి మారలేదు. గుర్తును కూడా గుణకంతో పాటే తీసుకోవాలి. −80 బదులు 80 అని రాస్తే రుణ సంఖ్యకు వర్గమూలం వెతకాల్సి వస్తుంది. అలాంటి మూలం లేదని మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలోనే చెప్పాడు. ఆయన గణితసారసంగ్రహాన్ని పదకొండో శతాబ్దంలో తెలుగులోకి తెచ్చినవాడు పావులూరి మల్లన.

80ని 5తో భాగించి వర్గమూలం తీస్తే పోయేదానికి సున్నా రాసే శ్రమ ఎందుకని అడగవచ్చు. అది దగ్గరి దారే, కాదనను. అయితే ఆ దారిన పోయేవాళ్లు −4ను తరచుగా మరిచిపోతారు. బి 0 అని రాసుకుంటే మూలాల మొత్తం 0 అని తెలుస్తుంది, 4కు జతగా −4 ఉండి తీరాలి. రాయి లెక్కకు అది పనికిరాదు, కానీ చూసి వదిలేయాలి. స్థిర పదం లేనప్పుడు నష్టం ఇంకా పెద్దది. యా² = 7యాలో రెండు వైపులా యా కొట్టేస్తే 7 ఒక్కటే మిగులుతుంది. యా² − 7యా + 0 = 0 అని రాస్తే మూలాల లబ్ధం 0, కాబట్టి ఒక మూలం 0 కాక తప్పదు. మరి ఎ చోట కూడా సున్నా వేయవచ్చా? వేయకూడదు, అప్పుడది వర్గ సమీకరణమే కాదు. వర్గ సమీకరణాన్ని సాధించే శ్రీధరాచార్యుడి పద్ధతి మొదట రెండు వైపులా 4ఎతో గుణించమంటుంది. ఎ 0 అయితే రెండు వైపులా 0 తప్ప ఏమీ మిగలదు. పృథూదకస్వామి పై వరుసలో యావ 0 ఉండగలిగింది అది ఒక పక్షం మాత్రమే కనుక. రెండు వరుసలనూ తీసివేశాక అక్కడ నిలిచింది 1.